రాచకొండ కొలువు, పాలమూరు కిన్నెర: సంగీత విమర్శ కళకు ఏం చేస్తుంది?

శ్రీనాథునిదిగా మనం చెప్పుకునే ఒక సీసపద్యంలో కవి తాను గెలిచినవన్నీ వరుసగా తలుచుకుంటాడు. దక్షిణాధీశుని ముత్యాలశాలలో దీనార టంకాల (నాణేల) స్నానం, వాదంలో ఓడిన పండితుడు గౌడ డిండిమభట్టు కంచుఢక్క పగలడం, సార్వభౌమ బిరుదం, ఇవన్నీ శారదాంబ చలువేనని చెప్పి, పద్యం చివరి భాగమైన ఎత్తుగీతికి వచ్చేసరికి గొంతు మారుస్తాడు. ధీవిశాలుడైన రావు సింగ మహీపాలుని నిండు కొలువులో ఇక నన్ను ఎట్లా మెప్పిస్తావో తల్లీ అని వేడుకుంటాడు. ఆ కొలువు పాత నల్లగొండ జిల్లాలోని రాచకొండది. పద్యంలోని రాజు సర్వజ్ఞ సింగభూపాలుడేనా, అదే వంశంలో తరువాత ఏలినవాడా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఏ రాజైనా, ఆ కొలువంటే కవులకు అంత బెరుకు ఎందుకో చెప్పే ఆధారం గ్రంథరూపంలో మిగిలింది. 14వ శతాబ్దపు సర్వజ్ఞ సింగభూపాలుడు నాటక లక్షణాల మీద 'రసార్ణవ సుధాకరం' రాశాడు, శార్ఙ్గదేవుని 'సంగీత రత్నాకరా'నికి 'సంగీత సుధాకరం' అనే వ్యాఖ్యానం చేశాడు.

ఆ రత్నాకరంలో గాయకుల దోషాలు 25 లెక్కించి ఉన్నాయి. పళ్లు బిగించి పాడేవాడు, బెదురుతూ పాడేవాడు, కాకి గొంతువాడు, కళ్లు మూసుకుని పాడేవాడు, ముక్కుతో పాడేవాడు, మాట తెలియకుండా పాడేవాడు, స్థాయి తప్పేవాడు, ఇట్లా సాగుతుంది ఆ జాబితా. గుణాలకూ అంతే శ్రద్ధగా చోటు ఇచ్చారు; వాగ్గేయకారులను ఉత్తమ, మధ్యమ, అధమ తరగతులుగా విభజించారు. అంటే పాట విని అందులో మంచిచెడ్డలను పేరు పెట్టి చెప్పే పని వార్తాపత్రికలు పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందే జరిగింది, మన గుట్టల నడుమ కూర్చుని ఒక రాజు దానికి వ్యాఖ్యానం రాశాడు. కనుక వృత్తి విమర్శకులు కళను పాడుచేస్తున్నారన్న ఆరోపణనూ, విమర్శ లేకనే కళ పాడవుతున్నదన్న బాధనూ మన నేల మీద నిలబడే పరిశీలించవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విమర్శకుడు ఇచ్చే తీర్పు వల్ల కళకు కలిగే మేలు తక్కువ, కొన్నిసార్లు కలిగే కీడు ఎక్కువ. అతను విన్నదాన్ని విడమరచి చెప్పే పని మాత్రం చాలా విలువైనది, దాన్ని అతని బదులు చేసేవారు ఎవరూ లేరు. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో తీర్పులు సన్మానాల రూపంలో, పోటీ మార్కుల రూపంలో కావలసినన్ని ఉన్నాయి. విడమరచి చెప్పడం దాదాపు లేదు.

కీడు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దానికి సాక్ష్యాలు గట్టివి. 1881 డిసెంబరులో వియన్నాలో రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ వయొలిన్ కాన్చెర్టోను (వాద్యబృందం తోడుగా ఒక వాద్యం ప్రధానంగా సాగే రచనను) మొదటిసారి వినిపించినప్పుడు, అక్కడి ప్రసిద్ధ విమర్శకుడు ఎడువార్డ్ హాన్స్‌లిక్, చెవికి కంపు కొట్టే సంగీతం కూడా ఉండవచ్చునన్న ఆలోచన దీన్ని వింటే కలుగుతున్నదని రాశాడు. ఈ రోజు వయొలిన్ విద్వాంసులు అత్యధికంగా వాయించే రచనల్లో అది ఒకటి. హాన్స్‌లిక్ తెలివితక్కువవాడు కాడు. సంగీత సౌందర్యం మీద 1854లో అతను అచ్చువేసిన పుస్తకం ఇప్పటికీ విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశమే. వియన్నా విశ్వవిద్యాలయంలో సంగీతాన్ని బోధించిన ఆచార్యుడు అతను. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ రచనల్లో తనకు నచ్చిన నిర్మాణాన్ని అందరిలోనూ వెతికాడు, దొరకని చోట కోపగించుకున్నాడు. పాండిత్యం ఉన్నవాడు కూడా ఒకే కొలత చేతబట్టుకుంటే ఎట్లా దారి తప్పుతాడో అతని రాతల్లో స్పష్టంగా కనబడుతుంది.

మరో రష్యా స్వరకర్త రఖ్మానినోవ్ విషయం ఇంకా బాధాకరమైనది. 1897లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో అతని మొదటి సింఫనీ ప్రదర్శన విఫలమైంది. విమర్శకుడు త్సేజార్ క్యూయి దాన్ని ఈజిప్టు దేశానికి పట్టిన అరిష్టాల మీద రాసిన సంగీతంతో పోల్చాడు. 24వ ఏట ఉన్న ఆ యువకుడు తరువాత దాదాపు మూడేళ్లు చెప్పుకోదగ్గ రచన ఏదీ చేయలేదు. నికోలాయ్ దాల్ అనే వైద్యుని చికిత్సతో తేరుకుని, 1901లో పూర్తయిన రెండవ పియానో కాన్చెర్టోను ఆ వైద్యునికే అంకితం చేశాడు. ఆ సాయంత్రం వాద్యబృందానికి సాధన చాలలేదన్న మాట కూడా చరిత్రలో ఉంది. వినిపించిన తీరులోని లోపాన్నీ, రచనలోని లోపాన్నీ విడదీసి చూపడం విమర్శకుని మొదటి కర్తవ్యం. మామూలు శ్రోత చేయలేని పని అదే. అది సరిగా జరగకపోతే ఎంత నష్టమో చెప్పడానికి ఈ సింఫనీ చాలు. రఖ్మానినోవ్ 1943లో చనిపోయే వరకు దాన్ని మళ్లీ వినలేదు. లెనిన్‌గ్రాద్‌లో దొరికిన వాద్యకారుల ప్రతుల నుంచి దాన్ని తిరిగి కూర్చి 1945లో మాస్కోలో వినిపించారు.

ఇటువంటి కథలు చెప్పేటప్పుడు మనం మరచిపోయేది ఒకటి ఉంది. చైకోవ్‌స్కీ, రఖ్మానినోవ్ నిలబడ్డారు కాబట్టే వారిని నొప్పించిన మాటలు మనకు తెలుసు. ఒక్క సమీక్షతో కలం పక్కన పెట్టి ఇంకేదో ఉద్యోగం చూసుకున్నవారి పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు. విమర్శ ఏ గొప్ప కళాకారుణ్నీ ఆపలేదన్న ధీమా మాట, నిలిచినవారిని మాత్రమే లెక్కపెట్టి చెప్పే మాట.

తీర్పు నాణ్యత గురించి పరిశోధకులు కూడా చూశారు. బ్రసెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీల ఫలితాలను విశ్లేషించి గిన్స్‌బర్గ్, వాన్ ఊర్స్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2003లో ఒక వ్యాసం ప్రకటించారు. అక్కడ ఎవరు ఏ రోజు వాయించాలో చీటీల ద్వారా తేలుస్తారు. అయినా ముందు వాయించినవారికి సగటున వెనుక స్థానాలు, చివర వాయించినవారికి మెరుగైన స్థానాలు వచ్చాయి. ఆ స్థానాలే తరువాత వారి వృత్తిజీవితాన్ని ప్రభావితం చేశాయి. ప్రపంచంలోని మేటి విద్వాంసులు కూర్చున్న చోటే చీటీ వరుస తీర్పులోకి చొరబడిందంటే, తీర్పును చివరి మాటగా తీసుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించాలి. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 14,000 మందికి పైగా శ్రోతలతో, ఎవరికీ తెలియని 48 పాటలతో చేసిన ప్రయోగం కూడా ఇటువంటిదే. ఇతరులు ఏ పాటను ఇంటర్నెట్ నుంచి ఎన్నిసార్లు దింపుకున్నారో అంకె కనబడినప్పుడు, పైకి పోయేవి మరింత పైకి, కిందివి మరింత కిందికి జారాయి. శ్రోతలను వేరువేరు గుంపులు చేస్తే ఒక్కో గుంపులో ఒక్కో పాట గెలిచింది. మరీ మంచి పాటలు అట్టడుక్కు పోలేదు, మరీ నాసివి పైకి రాలేదు. మధ్యనున్నవాటి గతి మాత్రం ఎటైనా మారగలిగింది. అంకె ముందు కనబడితే చెవి దాని వెంట నడుస్తుంది.

1996లో మొదలైన పిచ్‌ఫోర్క్ అనే అమెరికా వెబ్ పత్రిక ఈ అంకెల బలానికి మంచి ఉదాహరణ. పదికి దశాంశాల దాకా మార్కులు వేసే ఆ పత్రిక 2004లో ట్రావిస్ మోరిసన్ అనే గాయకుని ఆల్బమ్‌కు సున్నా వేసింది, అది అతని అవకాశాలను గట్టిగా దెబ్బతీసింది. అదే ఏడాది కెనడా బృందం ఆర్కేడ్ ఫైర్ తొలి ఆల్బమ్‌కు 9.7 ఇచ్చి వారిని ప్రపంచానికి పరిచయం చేసింది. అంత పలుకుబడి గల ఆ పత్రికనే 2024 జనవరిలో యాజమాన్యం ఒక పురుషుల మాసపత్రికలో కలిపేసింది.

ఇక మేలు. 1831లో జర్మన్ స్వరకర్త, విమర్శకుడు రాబర్ట్ షూమన్ తన వయసువాడే అయిన స్వరకర్త షోపాన్ రచన ఒకటి చూసి, టోపీలు తీయండి, ఇతను మహాప్రతిభావంతుడు అని రాశాడు. 1853లో అదే షూమన్, ఇరవై ఏళ్ల బ్రామ్స్ గురించి 'కొత్త దారులు' అనే వ్యాసం రాసి జర్మనీ అంతటా అతని పేరు వినబడేట్టు చేశాడు. మెచ్చుకోలుకు కూడా బరువు ఉంటుందని ఈ రెండో సంఘటన చెబుతుంది. అంతటి ఆశలు తన మీద పెట్టినందువల్ల బ్రామ్స్ జంకాడు, ఎన్నో కాగితాలు తగలబెట్టాడు, మొదటి సింఫనీని 1876లో, 43వ ఏట గాని ముగించలేదు. తిట్టు మాత్రమే కళాకారుణ్ని బాధిస్తుందనుకునేవారు ఈ 23 ఏళ్ల ఎడాన్ని గుర్తుంచుకోవాలి.

మన తెలంగాణలోనే ఇంతకంటె నాకు దగ్గరైన ఉదాహరణ సామల సదాశివ. ఆదిలాబాద్ గడ్డ మీద కూర్చుని ఆయన హిందుస్తానీ ఉస్తాదుల గురించి తెలుగులో రాశారు. ఘరానాల (గాన సంప్రదాయాల) తేడాలు, ఒక్కో గాయకుడు రాగాన్ని విప్పే తీరు, గురుశిష్యుల మధ్య నడిచే మర్యాదలు, ఇవన్నీ ఎదురుగా కూర్చుని ముచ్చట చెప్పినట్టు రాశారు. హిందుస్తానీ కచేరీ ఎన్నడూ ఎరుగని తెలుగు పాఠకుడు ఆ వ్యాసం చదివి ఆ గాయకుని రికార్డు కోసం వెతికేవాడు. 'స్వరలయలు' గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ పుస్తకాల్లో మార్కులు ఉండవు, ఎవరు గొప్ప అన్న పంచాయతీ తక్కువ. ఆయన వినిపించిన తీరు వల్ల శ్రోతలు పుట్టారు. కళకు అంతకంటె పెద్ద ఉపకారం ఏ విమర్శకుడూ చేయలేడని నేను నమ్ముతాను.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నవాడు, 2007లో మరణించిన సుబ్బుడు. కర్ణాటక సంగీతం, నృత్యాల మీద దశాబ్దాలపాటు పదునైన సమీక్షలు రాశాడు. కుక్కలకూ సుబ్బుడుకూ ప్రవేశం లేదని చెన్నైలో ఒక సభ వాకిట బోర్డు కట్టారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. శ్రుతిజ్ఞానం ఉన్నవాడు, పెద్ద పేరున్నవారినీ విడిచిపెట్టని ధైర్యం ఉన్నవాడు. ఆ ధైర్యం మన దగ్గర అరుదు కనుక దాన్ని గౌరవించాలి. కాని జనం నోట మిగిలింది ఆయన చురకలు. ఆ కచేరీల్లో గాయకుడు ఏం పాడాడో, ఎక్కడ తప్పాడో ఎవరికీ గుర్తులేదు.

ఎవరు తీర్పు చెప్పాలన్న ప్రశ్న మన శాస్త్రాలకు కొత్త కాదు. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ప్రదర్శనలో వివాదం వచ్చినప్పుడు నిర్ణయించే ప్రాశ్నికులను పేర్కొంటుంది. యజ్ఞం సంగతికి యజ్ఞం తెలిసినవాడు, ఛందస్సుకు ఛందస్సు తెలిసినవాడు, నాట్యానికి నర్తకుడు, గానానికి గాంధర్వం తెలిసినవాడు, అస్త్రవిద్యకు విలుకాడు, శృంగార చేష్టలకు వేశ్య, రాజరికపు నడవడికి రాజు. ఏ ఒక్కరికీ మొత్తం మీద అధికారం ఇవ్వలేదు, ఎవరి ఎరుక ఎంతవరకో అంతవరకే. రాజశేఖరుడు కావ్యమీమాంసలో భావకులను, అంటే కావ్యాన్ని ఆస్వాదించి విలువ కట్టేవారిని, నాలుగు రకాలుగా చెప్పాడు. ఏదీ రుచించని అరోచకి, గడ్డితో సహా అన్నీ మింగే సతృణాభ్యవహారి, అసూయతో చూసే మత్సరి, తత్త్వంలోకి దిగే తత్త్వాభినివేశి. చివరివాడు వేయిమందిలో ఒకడు దొరికితే గొప్ప అన్నాడు. పాలమూరు, నల్లగొండ జిల్లా పత్రికల పేజీలు చూస్తే, మన దగ్గర అరోచకి లేడు, మత్సరి అచ్చులోకి రాడు. రెండవ రకం మాత్రం ఊరూరా ఉన్నాడు.

జిల్లాలో జరిగిన ఏ సంగీత కార్యక్రమం వార్త అయినా తీసి చూడండి. జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారు, ముఖ్య అతిథి ఏం మాట్లాడారు, ఎవరెవరికి శాలువాలు కప్పారు అన్నవి వరుసగా ఉంటాయి. కళాకారులు ప్రేక్షకులను అలరించారు అన్న ఒక్క వాక్యంతో సంగీతం ముగుస్తుంది. ఏం పాడారు, ఎంతసేపు పాడారు, నిరుడు పాడినదానికంటె ఎందులో తేడా, తోడు వాద్యం ఎవరిది, ఇవేవీ ఉండవు. ఈ వాక్యం పొందిన కళాకారునికి దెబ్బ తగలదు, నిజమే. కాని తన ముప్పై ఏళ్ల సాధనకూ, నిన్న నేర్చుకుని వచ్చినవాని పాటకూ ఒకే మాట దక్కడం కూడా ఒక దెబ్బే.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య సొరబుర్రల తంతివాద్యమైన పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న, మియాసాబ్ వంటి జానపద వీరుల కథలు పాడారు. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు వంటివారు ఆ వాద్యాన్ని పట్టించుకుని లోకం దృష్టికి తెచ్చారు. 2021లో ఒక సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినబడింది, 2022లో పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవాలు న్యాయమైనవి, ఆలస్యమైనవి. కాని పురస్కారాల సందర్భంగా వెలువడిన రాతల్లో పేదరికం ఉంది, చివరి కళాకారుడు అన్న బిరుదు ఉంది, వాద్యాన్ని పట్టుకున్న ఫోటో ఉంది. వాద్యం ఎట్లా పలుకుతుందన్నది చాలా అరుదు. జాలి చూపడం తేలిక. ఒక కళాకారుణ్ని విద్వాంసునిగా లెక్కించి, ఆయన పాటను సంగీతంగా విని, ఇక్కడ బాగుంది, ఇక్కడ జారింది అని చెప్పడానికి ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ గౌరవం కావాలి.

ఇందులో మరో చిక్కు ఉంది. సంగీతం తెలిసినవారమని పేరున్నవారు ఇటువంటి పాటను తంబూరా శ్రుతితో, కృతి నడకతో పోల్చి తూచడం బియ్యం కొలిచే మానికతో బట్ట కొలవడమే అవుతుంది. కిన్నెర కథకుడు మాట నుంచి పాటలోకి, పాట నుంచి మాటలోకి జారుతూ ఉంటాడు. ఆ జారుడులోనే అతని నేర్పు ఉంటుంది. శాస్త్రీయ కచేరీలో దోషమయ్యేది ఇక్కడ ప్రాణమవుతుంది. అట్లా అని ఇది జానపదం కనుక దీనికి కొలతలే లేవు, అంతా సహజం అనడం కూడా అవమానమే. కిన్నరీ వీణ లక్షణాలను శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలోనే చెప్పాడు. ఆ గ్రంథానికి రాచకొండ రాజు వ్యాఖ్యానం రాశాడు. నల్లమల అంచున మన చెవులకు వినబడుతున్న వాద్యానికి శాస్త్రంలో చోటు లేదన్నవారు ఆ శాస్త్రాన్ని తెరిచి చూడలేదు.

నల్లగొండ వైపు కథ వేరుగా ఉంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వంటి జన రూపాలను తీసుకుని కొత్త మాటలతో నింపాడు. ఆయన మీద రాసినవి తక్కువేమీ కాదు, అయితే వాటిలో ఎక్కువ భాగం పాటలోని ఆశయం గురించి. ఏ వరుసను ఎక్కడి నుంచి తెచ్చాడు, గొల్లసుద్దుల లయను సభలో వేలమంది పాడుకునేట్టు ఎట్లా మలిచాడు, పల్లవిని ఎందుకు అంత పొట్టిగా ఉంచాడు అన్నవి చర్చకు రాలేదు. ఆశయాన్ని మెచ్చి సంగీతాన్ని వదిలేస్తే, రేపు ఆశయంతో పేచీ ఉన్నవాడు పాటనే కొట్టిపారేస్తాడు.

తప్పుడు తీర్పుకు జవాబు ఎట్లా ఉండాలో మన ప్రాంతమే ఒకసారి చూపింది. నైజాం ఇలాకాలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, గద్వాల ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించి 354 మంది కవులను అచ్చులో నిలబెట్టాడు. అది సంగీతానికి సంబంధించినది కాదు, కాని పద్ధతి ఇక్కడ అచ్చంగా పనికివస్తుంది. ఆయన ఎదురు తిట్టలేదు, ఊరూరా సేకరించి సాక్ష్యం పెట్టాడు. తెలంగాణ పాట మొరటుది, అందులో సంగీతం తక్కువ అన్న మాటకు ఇటువంటి జవాబు ఇంకా రావలసి ఉంది.

విమర్శకుడు లేని చోట ఖాళీ మిగిలిపోదు, దాన్ని అంకె ఆక్రమిస్తుంది. ఈ రోజు పాలమూరు, నల్లగొండ పాటలు యూట్యూబ్‌లో లక్షల మంది వింటున్నారు, దానివల్ల కొత్త గొంతులకు దారి దొరికింది, అది సంతోషించవలసిన విషయం. అయితే ఒక పాట పేరుపొందగానే అదే కీబోర్డు వరుస, అదే డప్పు దరువు తరువాతి పది పాటల్లో వినబడతాయి. ఎన్ని లక్షల మంది చూశారో తప్ప, చేతితో కొట్టే డప్పుకూ యంత్రం తిప్పే దరువుకూ నడకలో ఏం పోయిందో చెప్పేవాడు లేడు. కటువైన విమర్శకుడైతే ఎదురు వాదించవచ్చు, తప్పు పట్టవచ్చు. అంకెతో వాదించడానికి లేదు. సమీక్షకులను ఈసడించుకునే సంగీతకారులు ఈ తేడాను ఆలోచించాలని కోరుతున్నాను.

అడిగితే చేయగలవారు ఉన్నారు. పాలమూరు విశ్వవిద్యాలయం, నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం మన మధ్యనే ఉన్నాయి. తెలుగు చదివే విద్యార్థులు జానపద గేయాల సాహిత్యం మీద పరిశోధన చేస్తూనే ఉన్నారు. గేయాన్ని కాగితం మీద పద్యంలా చదవడం మాని, పాడుతుండగా విని రాయడం వారికి నేర్పితే విమర్శకులు అక్కడే తయారవుతారు. అటువంటివాడు ఒక రాత్రి కిన్నెర కథ విని సమీక్ష రాస్తే అందులో ఏం ఉండాలో చెబుతాను. సొరబుర్రలు ఎన్ని, మెట్లు ఎక్కడెక్కడ అతికారు, వాటి మీద ఏ స్వరాలు పలుకుతున్నాయి, గాయకుడు తన గొంతుకు తగినట్టు తంతిని ఎట్లా బిగించుకున్నాడు, సాయన్న కథలో మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ ఎత్తుకున్నాడు, ఏ ఘట్టంలో వరుస మారింది, విన్నవారు ఎక్కడ వంతపాడారు, ఎక్కడ కథ సాగలాగినట్టు అనిపించింది, గొంతు అలసినప్పుడు వాద్యంతో ఎట్లా కప్పుకున్నాడు. ఇవన్నీ ఒక్కసారి వింటే తెలియవు కనుక అదే కథను ఇంకో ఊళ్లో మళ్లీ విని, రెండింటికీ తేడా రాయాలి. అచ్చువేయడానికి ముందు ఆ రాతను కళాకారుని ఇంటికి తీసుకుపోయి చదివి వినిపించాలి. ఆయన ఏ మాటకు ఒప్పుకోలేదో అడిగి, ఆ జవాబును ఆయన మాటల్లోనే, అదే పేజీలో, సమీక్ష పక్కన అచ్చువేయాలి.